రింగుల జుట్టుంటే మెడికల్ సీటు రాదా? ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. మొదట మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత ఇక్కడ అమెరికాలో తెలుగు అమ్మల గ్రూపులో ముగ్గురు వేర్వేరుగా పెట్టారు. ఒక ఫ్రెండ్ విడిగా పంపింది. నిన్న మా వదిన కూడా పంపి, "నువ్వు డాక్టరువి కదా, ఇది నిజమేనా?" అని అడిగింది. అడిగినందుకు వదినకి థాంక్స్. మిగతావాళ్లెవరూ అడగలేదు, పంపేశారు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. "అమెరికాలో మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు తప్పక చదవాలి" అని మొదలవుతుంది. జుట్టు గురించి ఎనిమిది సూత్రాలుంటాయి. "అడ్మిషన్ కమిటీలో ఇరవై ఏళ్లు పనిచేసిన పెద్దాయన చెప్పినవి" అని ముగుస్తుంది. ఆ పెద్దాయనకి పేరు లేదు, ఆయన పనిచేసిన స్కూలుకీ పేరు లేదు. నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. కొన్నేళ్లు ఒక మెడికల్ స్కూలు తరఫున ఇంటర్వ్యూలు చేశాను. ఇప్పుడు తెలిసినవాళ్ల పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాను. కాబట్టి దీనికి జవాబు చెప్పడం నా పనే అనుకుంటున్నాను.

అసలు ఇది రాయడానికి కారణం మొన్న శనివారం. ఒక స్నేహితురాలి కూతురు జూమ్‌లో మాక్ ఇంటర్వ్యూకి వచ్చింది. పుట్టినప్పటినుంచీ ఒత్తుగా రింగుల జుట్టు, వాళ్ల నాయనమ్మ పోలిక. ఆరోజు మాత్రం ఇస్త్రీ చేసినట్టు నిటారుగా ఉంది. ఎడమ చెవి పైన ఎర్రగా కాలిన మచ్చ. డయాలసిస్ సెంటర్‌లో వాలంటీరుగా ఏం నేర్చుకున్నావని అడిగాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. కళ్లు నా వైపు లేవు, స్క్రీన్ మూలన తన బొమ్మ మీదున్నాయి. చెయ్యి మాటిమాటికీ నుదుటి దగ్గరికి వెళుతోంది. "ఏమైందమ్మా?" అన్నాను. "ఏం లేదాంటీ, చెమటకి మళ్లీ రింగులు తిరుగుతున్నాయేమో అని టెన్షన్‌గా ఉంది" అంది. వాళ్లమ్మ ఆ మెసేజ్‌ని ప్రింట్ తీసి అద్దానికి అంటించిందట.

ఇక సూత్రాల సంగతి.

"మొదటి ఏడు సెకన్లలో నిర్ణయం అయిపోతుంది" అనేది మొదటిది. ముఖం చూడగానే మనిషి గురించి ఒక అభిప్రాయం పడిపోతుందన్నది నిజమే. ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అందుకు సెకనులో పదోవంతు చాలు. కానీ అభిప్రాయం పడటం వేరు, సీటు తేలడం వేరు. చాలా స్కూళ్లు ఇప్పుడు ఎంఎంఐ, అంటే వరుసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు పెట్టే పద్ధతి వాడుతున్నాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. తలుపు బయట ప్రశ్న చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల ఓ ఎనిమిది నిమిషాలు మాట్లాడటం, మళ్లీ ఇంకో గది, ఇంకో మనిషి. ఒక్కరి మొదటి చూపుకి అంత బలం ఉండకూడదనే కదా ఇన్ని గదులు పెట్టింది! మామూలు ఇంటర్వ్యూ అయినా, చేసినవాళ్లు మార్కులు, కామెంట్లు రాసిస్తారు, కమిటీ కూర్చుని ఫైలు మొత్తం చూస్తుంది. ఏడున్నర గంటల ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష రాసి, ఏళ్ల తరబడి ల్యాబుల్లో, క్లినిక్కుల్లో తిరిగి అక్కడిదాకా వచ్చిన పిల్లని ఏడు సెకన్లలో తీసేస్తారని ఎవరు చెప్పారు మీకు?

"మగపిల్లలు పాపిడి ఎడమవైపే తీయాలి." ఎందుకో మెసేజ్‌లోనే లేదు. వదిలేద్దాం.

"తలకి నూనె రాయకూడదు, జెల్ మెరవకూడదు, రంగు వేసుకోకూడదు." తలస్నానం చేసి దువ్వుకుని వెళ్లమని ఒక్క ముక్కలో చెబితే పోయేది. రంగు వేసుకున్న పిల్లలకి సీట్లు రావడం నేను చూశాను, రాకపోవడమూ చూశాను.

"ఆడపిల్లలకి పొడవాటి జడ ఉంటే ఇన్ఫెక్షన్ కంట్రోల్ తెలియదనుకుంటారు, భుజాల వరకు కత్తిరించాలి." ఇది చదివి నిజంగా జుట్టు కత్తిరించిన పిల్ల ఒకతె నాకు తెలుసు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతున్నాను. పేషెంట్ దగ్గర వంగినప్పుడు జుట్టు వేలాడకూడదు, కాబట్టి వెనక్కి కట్టుకుంటాం. ఆపరేషన్ థియేటర్‌లో టోపీతో కప్పేస్తాం. ఆ టోపీ చెవులు కూడా కప్పాలా అని ఇక్కడి థియేటర్ నర్సుల సంఘానికీ సర్జన్ల సంఘానికీ 2016 నుంచి పెద్ద వాదనే నడిచింది. ఆ వాదన టోపీ గురించి, జడ పొడవు గురించి కాదు. జడ అంటేనే కట్టేసిన జుట్టు! ఇంటర్వ్యూ గదిలో పేషెంటూ ఉండడు, గాయమూ ఉండదు.

ఇప్పుడు ఐదో సూత్రం. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "రింగుల జుట్టు తప్పనిసరిగా స్ట్రెయిట్ చేయించాలి. సన్న జడలు, డ్రెడ్‌లాక్స్ లాంటివి ప్రొఫెషనల్ కావు. మన పిల్లలు ఆ పిల్లల్లా కనిపించకూడదు."

డ్రెడ్‌లాక్స్ అంటే తాళ్లలా పేనుకుపోయిన జుట్టు పాయలు. మరి ఆ పిల్లలు ఎవరు? ముసుగు తీసి చెప్పండి. నల్లజాతి పిల్లలు. నలభై మంది చదువుకున్న అమ్మలున్న గ్రూపులో ఈ వాక్యానికి దండాలు పెట్టే బొమ్మలు తప్ప ఇంకేమీ రాలేదు. మన పిల్లలు రేపు క్లాసులో కూర్చునేది ఎవరి పక్కన? రాత్రి డ్యూటీలో వాళ్ల పేషెంట్‌ని చూసుకునేది ఎవరు?

రెసిడెన్సీలో, అంటే ఇక్కడి ఆసుపత్రి శిక్షణలో, నాతో పాటు డ్రెడ్‌లాక్స్ ఉన్న ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది. వెనక్కి చక్కగా ముడి వేసుకునేది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, జేబు మీద కుట్టిన పేరు, అన్నీ ఉండేవి. అయినా గదిలోకి వెళితే భోజనం ట్రే తీసుకెళ్లమనే పేషెంట్లు ఎదురయ్యేవారు. ఆమె ట్రే పక్కకి జరిపి, "నేను మీ డాక్టర్ని" అని కుర్చీ లాక్కుని కూర్చునేది. అంత చక్కగా కట్టుకున్నా ఆమెకి ఆ మాట తప్పలేదు. అంటే తప్పు జుట్టు శుభ్రతలో లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. శుభ్రంగా ఉండు అనడం వేరు, ఇంకొకరిలా ఉండు అనడం వేరు. ఈ మెసేజ్ మొదటిది చెబుతున్నట్టు నటించి రెండోది చెబుతోంది.

"జుట్టే కదా, మార్చుకుంటే ఏం పోయింది?" అని ఒకావిడ నాతో అంది. ఈ మాట కోర్టులో కూడా చెల్లింది. అలబామాలో 2010లో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఇచ్చి, డ్రెడ్‌లాక్స్ తీయనందని వెనక్కి తీసుకున్నారు. జుట్టు తీరు చర్మం రంగులా మార్చుకోలేనిది కాదు అంటూ 2016లో అప్పీలు కోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. అలాంటి అన్యాయాలు చూసే కదా కొత్త చట్టాలు కావలసి వచ్చింది! 2019లో కాలిఫోర్నియా అందరికన్నా ముందు క్రౌన్ చట్టం తెచ్చింది. జాతితో ముడిపడిన జుట్టు తీరుని, అంటే జడలని, లాక్స్‌ని, మెలివేసిన పాయలని కారణంగా చూపి ఉద్యోగాల్లో, స్కూళ్లలో వివక్ష చూపకూడదంది. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. రాష్ట్రాలు చట్టం చేసి మరీ తప్పన్న పనిని మనం గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా పిల్లలకి పంపుతున్నాం.

పోనీ మన సంగతే చూద్దాం. మన ఇళ్లలో సగం మందికి ఉంగరాల జుట్టే కదా. అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చిన జుట్టుని "అన్‌ప్రొఫెషనల్" అని పద్దెనిమిదేళ్లు పెంచిన అమ్మే అంటే, ఆ పిల్ల ఇంటర్వ్యూలో ఏ ధైర్యంతో కూర్చుంటుంది?

ఆరో సూత్రం కూడా ఈ తానులో ముక్కే. "తలపాగా, హిజాబ్, గడ్డం ఆ ఒక్కరోజుకి తీసేస్తే మంచిది." ఇది రాసినవాళ్లకి తలపాగా అంటే టోపీ లాంటిదని అభిప్రాయం. కమల్‌జీత్ సింగ్ కాల్సీ అనే సిక్కు ఎమర్జెన్సీ డాక్టర్‌కి తలపాగా, గడ్డంతోనే పనిచేయడానికి 2009లో అమెరికా సైన్యమే అనుమతి ఇచ్చింది. ఆయన అలాగే ఆఫ్ఘనిస్తాన్‌లో సేవ చేసి బ్రాంజ్ స్టార్ అందుకున్నాడు. హిజాబ్‌తో ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మాయికి బట్టల షాపులో ఉద్యోగం నిరాకరించిన కేసులో సుప్రీంకోర్టు 2015లో 8-1 తేడాతో ఆ అమ్మాయి పక్షాన తీర్పిచ్చింది. అది ఉద్యోగాల చట్టం కింద నడిచిన కేసు, కాలేజీ సీట్లది కాదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది కదా. గడ్డం విషయంలో ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. గడ్డం మీద ఎన్95 మాస్క్ సరిగ్గా అతుక్కోదు. అది ఉద్యోగంలో చేరాక మాస్క్ సరిపోతుందో లేదో చూసే ఫిట్ టెస్ట్ రోజు వచ్చే ప్రశ్న. తల మొత్తాన్ని కప్పి, వడకట్టిన గాలి పంపే పీఏపీఆర్ లాంటివి అందుకే ఉన్నాయి. ఇంటర్వ్యూలో మాస్క్ పెట్టి ఎవరూ చూడరు.

అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం, అందరూ ఏఏఎంసీ అనేది, మెడికల్ స్కూల్లో చేరేవాళ్లకి ఉండాల్సిన 17 లక్షణాల జాబితా ఇచ్చింది. సేవాభావం, నమ్మదగిన నడవడి, కలిసి పనిచేయడం, పొరపాటు నుంచి నేర్చుకోవడం, ఇతరుల సంస్కృతి పట్ల వినయం, ఇలాంటివి. తలపాగా తీసేసి వెళ్లమని పిల్లాడికి చెప్పి, ఆ చివరి లక్షణం గురించి వాడిని గదిలో ఏం మాట్లాడమంటారు?

ఏడోది, "ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ముందువైపు ఒక్కటే బాగుంటే చాలు." సరే. అంతకన్నా వెలుగు ఎదురుగా పడేలా, కెమెరా కళ్ల ఎత్తులో ఉండేలా చూసుకుంటే ఎక్కువ ఉపయోగం.

ఎనిమిదోది, "ఆరోజు కొత్త హెయిర్ స్టైల్ ప్రయత్నించకండి." ఇది నూటికి నూరుపాళ్లు సరైన మాట. జుట్టు కళ్ల మీద పడకుండా, చెయ్యి దాని మీదకి పోకుండా ఉండాలి. రోజూ ఎలా ఉంటే మీకు హాయిగా ఉంటుందో అలాగే వెళ్లండి. ఐదో సూత్రం రాసిన చెయ్యే ఇదీ రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను, ఇది చెప్పడం నాకు కష్టం. ఆ మెసేజ్ వెనకున్న భయం ఉత్తది కాదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ తన అడ్మిషన్ కమిటీలోని 140 మందికి, మనసులో తెలియకుండా దాగిన మొగ్గుని కొలిచే పరీక్ష పెట్టింది. ఫలితాల్లో తెల్లవాళ్ల వైపు మొగ్గు స్పష్టంగా కనిపించింది. 2017లో దాన్ని దాచకుండా ప్రచురించారు. తర్వాతి ఇంటర్వ్యూల్లో తమ ఫలితం గుర్తుకొచ్చిందని సర్వేకి జవాబిచ్చినవాళ్లలో 48 శాతం చెప్పారు. ఆ పరీక్ష తర్వాత చేరిన బ్యాచ్‌లో, ఆ కాలేజీలో అంతవరకు ఎప్పుడూ లేనంతగా అన్ని జాతులవాళ్లూ ఉన్నారు. రోగం ఎవరిలో ఉందో వాళ్లకే మందు వేశారు. పిల్లల నెత్తి మీద ఐరన్ పెట్టలేదు.

నేను మాత్రం పెట్టుకున్నాను. ఎంసెట్ ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో సీటు తీసుకుని, మొహం ఎవరికీ చూపించకుండా డాక్టరయిన తరం మాది. రెసిడెన్సీ ఇంటర్వ్యూలే నా జీవితంలో మొదటి ఇంటర్వ్యూలు. ప్రతిదానికీ ముందురోజు రాత్రి హోటల్ బాత్‌రూంలో గంటసేపు జుట్టు స్ట్రెయిట్ చేసుకునేదాన్ని. ఎవరూ చెప్పలేదు, భయంతో నేనే చేశాను. కాబట్టి ఏ పిల్లయినా నా దగ్గరికొచ్చి "ఆంటీ, నేను రిస్క్ తీసుకోను, స్ట్రెయిట్ చేసుకునే వెళతాను" అంటే తప్పని అనలేను. అది తన సీటు, తన తల. తను ఆలోచించి తీసుకున్న నిర్ణయమైతే చాలు. అమ్మ అద్దానికి అంటించిన కాగితం వల్ల మాత్రం కాకూడదు.

వదినకి ఇదంతా ఫోన్లో చెప్పాను. గ్రూపులో కూడా పెడుతున్నాను. ఆ మెసేజ్ పంపినవాళ్లు దాన్ని డిలీట్ చేస్తే సంతోషం, కనీసం ఐదు, ఆరు సూత్రాలు తప్పని దాని కిందే రాయండి.

శనివారం వచ్చిన పిల్లకి కాలిన చోట రాసుకోమని ఆయింట్‌మెంట్ చెప్పాను. జూమ్‌లో తన బొమ్మ తనకి కనపడకుండా చేసే సెట్టింగ్ చూపించి, డయాలసిస్ ప్రశ్న మళ్లీ అడిగాను. సూది గుచ్చేటప్పుడు తన చెయ్యి పట్టుకున్న ఒక ముసలాయన గురించి చెప్పింది. ఆయన ప్రతి మంగళవారం ఈ పిల్ల పేరు మర్చిపోయి మళ్లీ అడిగేవాడట. ఒకరోజు కుర్చీ ఖాళీగా ఉందట. అక్కడ కాసేపు ఆగింది, కానీ ఈసారి చెయ్యి నుదుటి మీదకి వెళ్లలేదు. అసలు ఇంటర్వ్యూ వచ్చే గురువారం.