గంటకు యాభై నిమిషాలు

అమెరికాలోని ఒహాయో నుంచి మెల్‌బోర్న్‌కు కాపురం మార్చిన ఆ అమెరికావాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పౌండ్లను 2.2తో భాగిస్తే కిలోలు. ఫారెన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, 5తో హెచ్చవేసి, 9తో భాగిస్తే సెల్సియస్. వెన్న ఒక స్టిక్ అంటే 113 గ్రాములు. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. ఇంటాయనది ఆడిటింగ్ ఉద్యోగం కాబట్టి దశాంశాలతో సహా రాశాడు. అందులో గంట లేదు. గంట ఎక్కడైనా గంటే కదా, దాన్ని మార్చేదేముంది అనుకున్నాడు. పండగ రోజు కొంప ముంచింది అదే.

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో వాళ్ల పక్కింటివాళ్లు తెలుగువాళ్లు. ఆ కాగితం చూస్తే వాళ్లకు నవ్వొస్తుంది. వాళ్లు ఇక్కడికొచ్చి మార్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. బండి ఎడమ పక్కనే నడుస్తుంది. పెట్రోలు లీటర్లలోనే పోస్తారు. క్యాప్సికంను క్యాప్సికం అనే అంటారు. గోడలో ప్రతి ప్లగ్ పాయింటుకూ ఓ స్విచ్చి ఉంటుంది. కరెంటు మన ఊళ్లో లాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. విజయవాడలో కొన్న మిక్సీ అయినా సరే, ప్లగ్గుకు తొడుగు తగిలిస్తే చాలు, కొబ్బరి పచ్చడి రుబ్బి పెడుతుంది. అమెరికా కరెంటు అలా కాదు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

ఆ తేడా అమెరికా ఇంటి పెద్దమ్మాయికి మొదటి వారంలోనే తెలిసొచ్చింది. విమానాశ్రయంలో కొన్న తొడుగు ప్లగ్గు కాళ్ల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీని తగ్గించదు. ఆ పిల్ల తెచ్చుకున్న హెయిర్ డ్రయ్యరు 1,875 వాట్లది. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే తీగ లాగే కరెంటూ దాదాపు రెట్టింపవుతుంది. రెండూ కలిసి వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. అంటే ఆ కాసేపూ అది 6,800 వాట్ల పైచిలుకు కొలిమి. 10 ఆంపియర్ల పాయింటులోంచి 30కి దగ్గరగా లాగబోయింది. తీగ ఎర్రబడింది, వెంట్రుకలు కాలిన వాసనొచ్చింది, బ్రేకరు టప్పున పడింది, ఇల్లంతా చీకటి. డ్రయ్యరు అక్కడితో స్వర్గస్థురాలైంది.

అందుకని ఇంటాయన వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి తెప్పించాడు. 2,000 వాట్లది, ఇడ్లీ పాత్రంత ఉంటుంది, ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఆన్ చేస్తే తుమ్మెదలా గుంయ్‌మంటుంది. ఓడలో వస్తున్న పిండి కలిపే మిషను కోసం అది. ఆ మిషనుకు దాంతో ఏ ఇబ్బందీ ఉండదు, కార్బన్ బ్రష్‌ల మోటారుకు 50 హెర్ట్జ్ అయినా 60 అయినా ఒకటే. కానీ కంటైనరు ఇంకా సముద్రం మీదే ఉంది. దాంతో ఆ మహాయంత్రానికి దొరికిన మొదటి ఉద్యోగం గోడ గడియారం.

ఆ గడియారం ఇంటావిడ వాళ్ల అమ్మమ్మ వంటింటిది. గుండ్రటి ఆకుపచ్చ రేకు, బ్యాటరీ ఉండదు, తోకలా వేలాడే వైరు, చివర రెండు బల్లపరుపు కాళ్ల ప్లగ్గు. కొలత గరిటెలు, మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటరు, అన్నీ కంటైనరులో వేసి, దీన్ని మాత్రం స్వెట్టర్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. లాగేది 3 వాట్లు. దానికి 2,000 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అక్షరాలా అదే.

పండగ థ్యాంక్స్‌గివింగ్, అమెరికావాళ్లు టర్కీ కోడి వండుకుని చేసుకునేది. నవంబరు నాలుగో గురువారం. ఆస్ట్రేలియాలో అది మామూలు పనిదినం. (ఈ దేశం అధీనంలోనే ఉన్న నార్ఫోక్ దీవిలో మాత్రం నవంబరు చివరి బుధవారం ఈ పండగ చేస్తారు. ఒకప్పుడు తిమింగలాల వేటకొచ్చిన అమెరికా ఓడలవాళ్లు అంటించిపోయిన అలవాటు.) అందుకని శనివారానికి మార్చి, సాయంత్రం 4 గంటలకు భోజనం అని తెలుగువాళ్లనూ, ఎదురింట్లో ఉండే రిటైరైన ఎలక్ట్రీషియన్ తాతనూ పిలిచారు. "అయితే నేనో ప్లేటు తెస్తాను" అన్నాడు తాత. "వద్దండీ, మా ఇంట్లో ప్లేట్లు చాలినన్ని ఉన్నాయి" అంది ఇంటావిడ. ఇక్కడ ప్లేటు తెస్తానంటే వంటకం చేసుకొస్తానని అర్థం. తెలుగావిడ కొత్తలో ఇలాగే ఒక పిలుపుకు ఖాళీ స్టీలు ప్లేటు పట్టుకెళ్లింది కాబట్టి, నవ్వకుండా విషయం చెప్పింది.

టర్కీ కోడి సంగతి కసాయి దుకాణంలోనే తేలింది. ఇంటావిడ 20 పౌండ్లది అడిగింది, అంటే 9 కిలోలు. కొట్టువాడు కత్తి కింద పెట్టి "మీ ఓవెను వెడల్పెంతమ్మా?" అన్నాడు. అది కోడి గురించి అడగాల్సిన ప్రశ్నేనా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. అమెరికా వంటింట్లో మామూలుగా ఉండేది 30 అంగుళాల ఓవెను, 76 సెంటీమీటర్లు. ఇక్కడ సాధారణంగా 60. గోడల మందం పోగా లోపల మిగిలేది మూరెడు చోటు. 9 కిలోల పక్షిని కాళ్లు ముడిచి పెట్టినా అందులో తలుపు పడడం కష్టం. చివరికి 6 కిలోల గడ్డకట్టిన కోడి తెచ్చారు. ఫ్రిజ్‌లో 2 కిలోలకు ఒక రోజు లెక్కన మూడు రోజులు కరగాలి. ఆ మూడు రోజులూ బీరు సీసాలకు బయట వనవాసం.

గుమ్మడికాయ ‘పై’ (పిండి పెంకులో గుజ్జు పోసి కాల్చే తీపి వంటకం) ఇంకో కథ. అమెరికాలో డబ్బా మూత తీస్తే 425 గ్రాముల చిక్కటి గుమ్మడి గుజ్జు వస్తుంది. ఇక్కడ మామూలు సూపర్‌మార్కెట్టులో ఆ డబ్బా అడిగితే సూప్ డబ్బా చూపిస్తారు. ఆస్ట్రేలియావాళ్ల దృష్టిలో గుమ్మడికాయ కూరగాయ. మాంసం పక్కన కాల్చుకుంటారు, సూప్ కాస్తారు. దప్పళంలో వేసుకునే మన ఓటు కూడా వాళ్లకే. ‘పై’ చేయాలంటే బటర్‌నట్ రకం గుమ్మడిని నిలువునా రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, బోర్లించి మెత్తబడే దాకా కాల్చి, గుజ్జును పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. ఆ నీళ్లు కారకపోతే పై గడ్డకట్టదు, కోస్తే పాయసంలా జారుతుంది. ఇంటావిడ ఇదంతా గురు, శుక్రవారాల్లో ఓపిగ్గా చేసింది. గడియారం గోడకెక్కకముందే చేసింది కాబట్టి పై అద్భుతంగా వచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి.

బిస్కెట్ల దగ్గర మాత్రం గరిటె మోసం చేసింది. అమెరికావాళ్లు బిస్కెట్లనేవి మన మేరీ బిస్కెట్ల లాంటివి కావు, పొంగిన చిన్న రొట్టెలు. పక్కింటి పిల్లాడు టీలో ముంచుకు తినొచ్చని ఆశపడ్డాడు పాపం. రెండు కప్పుల పిండికి టేబుల్‌స్పూన్ బేకింగ్ పౌడరు అని అమ్మమ్మ కొలత. అమెరికా టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లు, మూడు టీస్పూన్లు. ఇక్కడి కొట్లో కొన్న కొత్త టేబుల్‌స్పూన్ 20 మిల్లీలీటర్లు, నాలుగు టీస్పూన్లు. పేరు ఒకటే, మూడో వంతు ఎక్కువ. బిస్కెట్లు గుండ్రంగా పొంగి, నడుమ విరిగి, ఓ పక్కకు ఒరిగాయి. కొరికితే సబ్బు రుచి. కాగితం మీద పౌండుంది, స్టిక్కుంది, గ్యాలనుంది. టేబుల్‌స్పూన్ రాయాలని ఎవరికి తడుతుంది?

శనివారం మధ్యాహ్నం సరిగ్గా 12కు ఇంటాయన గడియారాన్ని మేకుకు తగిలించాడు. ఫోను చూసి ముల్లు తిప్పాడు, ట్రాన్స్‌ఫార్మరు ఆన్ చేశాడు. అమ్మమ్మ గడియారం చక్కగా నడిచింది. ఇంటావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పండగ పూట ఎవరూ ఫోను ముట్టకూడదని అందరి ఫోన్లూ బుట్టలో వేయించి బీరువాలో పెట్టింది. అదే క్షణాన కోడి ఓవెనులోకి వెళ్లింది. 325 ఫారెన్‌హీట్ అంటే కాగితం ప్రకారం 163 సెల్సియస్. 160 దగ్గర పెట్టారు. ఈ పరిమాణానికి మూడున్నర గంటలు చాలు. 3.30కు తీసి, అరగంట ఆరనిచ్చి, 4కు కోయాలని పథకం. ఓవెను మీటకు మాటలుండవు, బొమ్మలే. ఫ్యాను బొమ్మ మీద తిప్పితే వేడిగాలి తిరుగుతుంది కాబట్టి 20 డిగ్రీలు తగ్గించాలి. తగ్గించలేదు. అది చిన్న తప్పు, పెద్ద తప్పు గోడ మీద తిరుగుతోంది.

ఓవెనుకు కూడా డిజిటల్ గడియారం ఉంది. కొన్ని ఓవెన్లలో అది సెట్ చేయకపోతే అసలు వేడే ఎక్కదు, కాబట్టి దాన్నీ 12కే పెట్టారు. ఓవెను ఒంటిగంట చూపిస్తుండగా ఇంటాయన గోడ వైపు చూస్తే 12.50. కాసేపు ఆలోచించాడు. ఒకటేమో డెబ్భై ఏళ్ల పైబడి ముగ్గురమ్మల వంటిల్లు నడిపిన గడియారం. ఇంకోటేమో అద్దె ఇంట్లో చవక ఓవెను. తీర్పు ఇవ్వడానికి ఎంతసేపు! ఓవెను గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పాడు. తర్వాత ఓవెను 1.50 అంటే గోడ 1.40 అంది. మళ్లీ తిప్పాడు. "ఈ దేశపు సరుకే అంత, గంటకు పది నిమిషాలు ముందుకు పరుగెత్తుతోంది" అని పెళ్లాంతో అన్నాడు. ప్రతి గంటా లేచి వెళ్లి, ఇంట్లో సరిగ్గా నడుస్తున్న ఏకైక గడియారాన్ని శ్రద్ధగా చెడగొడుతూ వచ్చాడు.

ఈలోగా పక్కింట్లో చర్చ. "ఏమండీ, నాలుగన్నారని నాలుగుకే వెళ్తామా ఏంటి, నాలుగున్నరకు వెళ్దాం" అంది ఆవిడ. "వాళ్లు అమెరికావాళ్లే, నాలుగంటే నాలుగే. మనవాళ్ల పరువు తీయకు, లే" అని ఆయన చెప్పులేసుకున్నాడు. పులిహోర గిన్నె పట్టుకుని, ముగ్గురూ సరిగ్గా 4 కొట్టేసరికి గుమ్మంలో ఉన్నారు. పెళ్లి ముహూర్తానికి కూడా ఆ ఇంట్లోవాళ్లెవరూ అంత కచ్చితంగా వెళ్లలేదు.

తలుపు తీసిన ఇంటావిడ తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. డ్రయ్యరు లేదు కదా, అప్పుడే తల తుడుచుకుంటోంది. గోడ మీద 3.20. "అయ్యో, తొందరగా వచ్చేశారా! ఏం పర్లేదు, రండి రండి" అంది. తెలుగాయన మొహం చూడాల్సిందే. జన్మలో మొదటిసారి సమయానికి వస్తే ముందొచ్చావంటున్నారు. "నలభై నిమిషాలు ముందు" అని ఇంటాయన గోడ చూపించి మరీ నవ్వాడు. తెలుగావిడ తన భర్త వైపు చూసిన చూపుకు వేరే మాటలక్కర్లేదు. వెనకాలే తాత కూడా పళ్లెంలో పావ్లోవా అనే క్రీము మిఠాయితో వచ్చాడు. ఆయన జేబులో ఫోను 4 దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది.

"కోడి ఇంకో పది నిమిషాలు" అన్నాడు ఇంటాయన. తాత మాట్లాడకుండా కుర్చీ ఎక్కి, గడియారాన్ని తిప్పి, వెనక రేకు మీద అక్షరాలు చదివాడు. 120 వోల్టులు, 60 సైకిల్స్, అంటే ఇప్పటి హెర్ట్జ్.

విషయం ఇది. ఆ రకం గడియారం సెకన్లు లెక్కపెట్టదు. కరెంటులో వచ్చే ఊపులు లెక్కపెడుతుంది. 60 ఊపులు వస్తే ఒక సెకను అయిందనుకుని ముల్లు జరుపుతుంది. ఇక్కడ సెకనుకు వచ్చేవి 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని 120కి దించుతుంది గానీ ఊపుల సంఖ్య జోలికి వెళ్లదు. కాబట్టి గంట గడిస్తే ఆ గడియారంలో 50 నిమిషాలే గడుస్తాయి. మూడున్నర గంటలని పెట్టిన కోడి, అది 3.30 చూపించేసరికి 4 గంటల 12 నిమిషాలు కాలుతుంది, అదీ ఫ్యాను గాలిలో.

ఓవెను తలుపు తీశారు. కోడి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, టేకు బీరువా రంగులో మెరుస్తోంది. ఇంటావిడ కాలు పట్టుకుని లాగితే ఎముక ఒక్కటే ఒరలోంచి కత్తిలా చేతిలోకొచ్చింది. రొమ్ము మాంసం కొబ్బరి పీచు.

ఇలాంటప్పుడు చేయగలిగింది ఒకటుంది, తెలుగావిడ అదే చేసింది. ఎండిన మాంసాన్ని ముక్కలుగా కోయకుండా చేత్తో పీచు తీసి, తట్టలో మిగిలిన రసం రెండు కప్పులు వేడిచేసి పోసి, పది నిమిషాలు మూత పెట్టింది. భర్తను ఇంటికి పంపి కుండీలోంచి నాలుగు రెబ్బల కరివేపాకు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద తెప్పించింది. నాలుగు ఉల్లిపాయలు బాగా ఎర్రబడ్డాక ముద్ద వేసి, పచ్చివాసన పోయాక మాంసం వేసి, తడి ఆరీ ఆరకుండా పైన మిరియాల పొడి చల్లి దించేసింది. ఎక్కువసేపు వేపితే మళ్లీ పీచే. ఉప్పు వేయలేదు, తట్ట రసంలో ఉన్నదే ఎక్కువ. క్రాన్‌బెర్రీ సాసును పచ్చడిలా నంజుకుంటే టర్కీ వేపుడు దివ్యంగా ఉంది. బిస్కెట్లను మాత్రం ఎంత గ్రేవీలో ముంచినా కాపాడలేకపోయారు.

"ఇంతకీ ఎంతసేపు వేపారు? రాసుకుంటాను" అని ఇంటావిడ పెన్ను తీసింది. తెలుగావిడ ఇరకాటంలో పడింది. ఆవిడ వంటింట్లో కాలానికి కొలతలు రెండే, ఎర్రబడేదాకా, మూడు విజిల్స్ వచ్చేదాకా. "విజిల్స్ అంటే ఎన్ని నిమిషాలు?" అని ఇంటాయన ఫ్రిజ్ మీది కాగితం దగ్గరికి వెళ్లాడు.

పిల్లాడు ఈలోగా ఇంకో లెక్క కట్టాడు. ఆ గడియారం రోజుకు 4 గంటలు వెనకబడుతుంది. అంటే మూడు రోజులకు 12 గంటలు పోయి, మళ్లీ సరైన టైం మీదికి వస్తుంది. "అంకుల్, దీన్ని నడిపిస్తే మూడు రోజులకోసారి కరెక్టుగా ఉంటుంది, ఆపేస్తే రోజుకు రెండుసార్లు" అన్నాడు. ఇంటాయన ఆడిటరు కదా, లెక్క సరిచూసుకుని ప్లగ్గు పీకేశాడు. ముళ్లు 4.25 దగ్గర ఆగాయి.

ఇంటికి నడుస్తూ తెలుగావిడ ఒక్క మాట కూడా అనలేదు. గేటు దగ్గర తాళం తీస్తూ ఆయనే అన్నాడు: "సరేలే, క్రిస్మస్‌కు పిలిస్తే నాలుగున్నరకే వెళ్దాం."