మునిసిపాలిటీకి ఒక చట్టం, మిగతావాళ్లకు ఇంకో చట్టమా?

బెజవాడ నుంచి డెల్టాకు వెళ్లే బందరు, ఏలూరు, రైవస్ కాల్వలు ఊరు దాటేలోపే ఎలా తయారవుతున్నాయో మా పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాల్వలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో ఏ వంతెన మీదైనా కాసేపు నిలబడితే చాలు. కృష్ణ నీళ్లు ఆగినా అడుగున నల్లగా ఏదో పారుతూనే ఉంటుంది. ఆ మురుగు ఎక్కడిదో మునిసిపల్ అధికారులకు తెలియదంటే మేం నమ్మం, ఆ డ్రెయిన్లు వేసిందే వాళ్లు కాబట్టి. ఎండాకాలం మంచినీటి చెరువులు నింపడానికి మళ్లీ నీళ్లు వదిలితే ముందుగా కొట్టుకెళ్లేది ఈ మురుగే, దాన్నే వడగట్టి క్లోరిన్ కలిపి తాగాల్సింది దిగువ పల్లెలవాళ్లు. బుడమేరు వాగులో కలిసిన మురుగైతే నేరుగా కొల్లేరుకే పోతుంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా 2002లో రామ్‌సర్ గుర్తింపు తెచ్చుకున్న సరస్సు అది.

ఒక చిన్న హోటలువాడు మురుగు రోడ్డు మీదకు వదిలితే మునిసిపల్ సిబ్బంది జరిమానా రసీదు పట్టుకుని వస్తారు. ఫ్యాక్టరీ వదిలితే కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిస్తుంది, కరెంటు కూడా కట్ చేయిస్తుంది. మంచిదే, చేయాల్సిందే. కానీ ఊరంతటి మురుగును పట్టపగలు కాల్వలోకి వదిలే మునిసిపాలిటీని అడిగేదెవరు? 1974 నాటి జల చట్టం ఫ్యాక్టరీలకు మాత్రమే రాసింది కాదు, మురుగు వదిలే స్థానిక సంస్థకూ మండలి అనుమతి కావాల్సిందే.

శుద్ధి కేంద్రం కట్టాం కదా అంటారు. కట్టడం వేరు, నడపడం వేరు. గాలి ఊదే బ్లోయర్లు ఆగితే మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మళ్లీ అవి పెరగడానికి రోజులు పడుతుంది, ఈలోపు లోపలికి వచ్చిన నీరు దాదాపు అలాగే బయటికి పోతుంది. చిన్న ఊళ్ల ప్లాంట్లలో మొదట కోత పడేది ఈ బ్లోయర్ల కరెంటుకే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలో పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు, శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే. కట్టిన ప్లాంట్ల సామర్థ్యమేమో 31,841. అంటే ఉన్నవాటినీ పూర్తిగా నడపడం లేదు.

డబ్బు లేదని, కరెంటు బిల్లులే మోయలేకపోతున్నామని, ఇళ్లవాళ్లు భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) కనెక్షన్లు తీసుకోవడం లేదని మునిసిపాలిటీలు చెబుతాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇదే మాట ఫ్యాక్టరీ యజమాని చెబితే వింటారా? రొయ్యల చెరువు రైతు చెబితే ఊరుకుంటారా?

గడువులు ఇవ్వలేదా అంటే, కావాల్సినన్ని ఇచ్చారు. మూడేళ్లలో శుద్ధి కేంద్రాలు పెట్టమని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలోనే చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో శుద్ధి చేసి వదిలే నీటికి కేంద్రం ప్రమాణాలు ప్రకటించి, పాత ప్లాంట్లు మారడానికి అయిదేళ్లు టైమిచ్చింది, అదీ అయిపోయింది. ఆలస్యమైతే ఒక్కో ప్లాంటుకు నెలకు 10 లక్షల దాకా పరిహారం కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. 2022లో ఒక్క తెలంగాణకే 3,800 కోట్లు వేసింది. ఆ డబ్బు ఎవరిది? పన్ను కట్టే జనానిదే. తప్పు చేసిన అధికారి జీతంలోంచి రూపాయి పోదు, మురుగు మాత్రం కాల్వలోకి పోతూనే ఉంటుంది.

మాకు అన్నిటికన్నా టెన్షన్ పెడుతున్నది ఇదే. చట్టం చేతిలో ఉన్నవాడే దాన్ని పాటించకపోతే రేపు ఏ ఫ్యాక్టరీ వాడైనా మునిసిపాలిటీని చూపించి తప్పించుకుంటాడు. అప్పుడు మండలి ఏం జవాబు చెబుతుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి నడుముల్లోతు మురికినీళ్లలో ఈదారు. ఇంకా గడువు పొడిగించండి అని అడగడానికి మనసెలా వస్తుంది?

ప్రతి ప్లాంటు గేటు దగ్గరా బోర్డు పెట్టండి. నిన్న లోపలికి ఎంత మురుగు వచ్చింది, బయటికి ఎలాంటి నీళ్లు వెళ్లాయి, బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయి, కరెంటు మీటరు ఎంత చూపించింది, అన్నీ దాని మీద రాయండి. ఏ ఊరివాడైనా వచ్చి చదువుకుంటాడు. కమిషనర్లు నెలకోసారైనా ఆఫీసు వదిలి ఆ పైపు కొస దగ్గర నిలబడాలి. ఇక కాలుష్య నియంత్రణ మండలికి మేం చెప్పేది ఒక్కటే: మునిసిపాలిటీకి నోటీసు ఇచ్చే ధైర్యం మీకు లేకపోతే, రేపటి నుంచి హోటలువాడికీ ఇవ్వకండి.