సంచిలోని చిట్టెలుకకు ఒక ఉత్తరం

చిట్టెలుక గారికి,

కడప నుంచి నమస్కారం. గారు అన్నానని పొంగిపోకు, నీకు పోసిన డబ్బులకు ఇచ్చే మర్యాద అది, ఇక్కడి నుంచి నువ్వే.

నిన్ను ఎంచుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నేనేమో ఊళ్ళు తిరిగి వ్యాపారస్తుల జీఎస్టీ లెక్కలు చేసేవాణ్ణి, టచ్‌ప్యాడ్ మీద ఎక్సెల్‌లో రెండు వేల వరుసలు కిందికి లాగి లాగి వేళ్ళు మొద్దుబారిపోతే, సంచిలో పట్టే చిన్న వైర్‌లెస్ మౌస్ ఒకటి తీసుకుందామనుకున్నా. అంతే కదా నేను అడిగింది! ఏడు రోడ్ల దగ్గర షాపులో పిల్లోడు "డీపీఐ ఎంత కావాలన్నా?" అన్నాడు. నాకు మౌస్ కావాల నాయనా అంటే వినడే, వెయ్యి, పదహారు వందలు, నాలుగు వేలు అని వేలంపాట మొదలుపెట్టాడు. తర్వాత తెలిసిందేమంటే, నిన్ను అంగుళం జరిపితే స్క్రీన్ మీద బాణం ఎన్ని చుక్కలు దూకుతుందో చెప్పే అంకె అది. నాలుగు వేల మీద పెడితే అమ్మకాల గడిలో ఆగాల్సిన బాణం అనంతపురం దాకా పోతుంది. నాకు వెయ్యి చాలు. మిగతా మూడు వేలు ఎవరికైనా దానం చేసేయ్.

ఇక నీ సైజు. అట్టపెట్టె మీద బొమ్మ చూసి ఎంత ముద్దుగా ఉందో అనుకున్నానే గానీ, నాది రాగి సంగటి ముద్ద పట్టే చెయ్యి అన్న సంగతి మర్చిపోయా. నిన్ను పట్టుకుంటే నశ్యం పట్టినట్టు మూడు వేళ్ళే ఆనతాయి, అరచెయ్యి గాల్లో వేలాడుతుంది, చిటికెన వేలు బల్ల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. సాయంత్రానికి మణికట్టు దగ్గర సన్నగా పోటు. షాపులోనే ఒక పది నిమిషాలు చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటే తెలిసిపోయేది, చెప్పుల్ని మాత్రం అటూ ఇటూ నడిచి చూడందే కొనం మరి.

ఒక్క విషయంలో మాత్రం తెలివిగానే చేశా, చార్జింగ్ పెట్టేది కాకుండా మామూలు బ్యాటరీ సెల్లు వేసి నడిపేదాన్ని తీసుకున్నా. లోపల వేసే ఏఏ సెల్లు ఒక్కటే దాదాపు 23 గ్రాములుంటుంది కాబట్టి నీ బరువులో పెద్ద వాటా దానిదే, కానీ 20వ తేదీన, జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన ఆఖరి రోజున నువ్వు కళ్ళు తేలేస్తే మైదుకూరు బస్టాండులో ఏ కొట్టుకి పోయినా సెల్లు దొరుకుతుంది. 2015లో ఆపిల్ వాళ్ళు ఒక మౌస్ తెచ్చారు, దాని చార్జింగ్ రంధ్రం పొట్ట కింద పెట్టారు. అంటే చార్జింగ్ ఎక్కేటప్పుడు అది వెల్లకిలా పడుకుని ఉంటుంది, మనం దాని మొహం చూస్తూ కూర్చోవాలి. నువ్వు అంత పెద్దింటి బిడ్డవి కానందుకు సంతోషం.

నీ డాంగిల్ సంగతికి వద్దాం, అదే, నీ మాటలు వినడానికి లాప్‌టాప్‌కి గుచ్చే బుడిపె. చింతగింజలో సగం ఉంటుంది, నీ పొట్టలో దానికో గూడు కూడా ఉంది, బాగుంది. కానీ నా లాప్‌టాప్‌కి ఉన్నవన్నీ సన్నటి సీ పోర్టులే, వాటిలో అది దూరదు, కాబట్టి నీ కోసం ఒక హబ్, అంటే ఒక పోర్టుకి తగిలిస్తే నాలుగు పోర్టులిచ్చే పెట్టె, కొన్నా. ఆ హబ్‌కి పక్కనే హార్డ్‌డిస్క్ తగిలించగానే నీ బాణం తాగినోడిలా తూలడం మొదలైంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు చేసే రేడియో రొద సరిగ్గా నువ్వు మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందట, డాంగిల్‌ని దూరం జరపాలట. జరపడానికి ఏం కావాలి? ఒక ఎక్స్‌టెన్షన్ వైరు! వైరు లేని మౌస్ కోసం మూర వైరు కొన్న మొనగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటా. రెండు వందలు మిగులుతాయి కదా అని డాంగిల్ అక్కర్లేని బ్లూటూత్ కూడా ఉన్నదాన్ని వదిలేశాను చూడు, ఆ రెండు వందలు హబ్బుకీ వైరుకీ వడ్డీతో సహా కట్టా. 1964లో అమెరికాలో ఎంగెల్‌బార్ట్ అనే పెద్దాయన బృందం చేసిన మీ ముత్తాతకి చెక్క ఒళ్ళు, వెనక వైరు తోక, ఆ తోకను చూసే ఎలుక అన్నారు. నువ్వు తోక కోసుకుని వచ్చావని మురిసిపోయి కొంటే దాన్ని మళ్ళీ నాచేతే అతికించుకున్నావు.

పోయిన నెల ప్రొద్దుటూరులో చేసిన నిర్వాకం మాత్రం మర్చిపోలేను. బంగారం అంగడి, సాయంత్రం ఐదు, 20వ తేదీ, పక్కన సేటు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. లాప్‌టాప్ పెట్టింది గాజు కౌంటర్ మీద, కింద కమ్మలూ జుంకాలూ మెరుస్తున్నాయి. నిన్ను జరిపితే బాణం కదలదు. ఎత్తి మళ్ళీ పెడితే మూలకి ఎగిరి కూర్చుంది. నీ పొట్ట కింద బుల్లి కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ముందు దానితో పోల్చి ఎటు జరిగావో లెక్కేసుకుంటుంది, మా ఇంటి అరుగు మీది గరుకు కడప బండ అయితే గీతా గాటూ కనిపించి చక్కగా పరిగెత్తుతావు, గాజు మీద దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి గుడ్డిదైపోతుంది. నాకు చెమటలు. సేటు ఏమనుకున్నాడో గానీ సొరుగు లాగి ఒక శుభలేఖ తీసి, "దీని మీద పెట్టి చూడు సామీ" అన్నాడు. వెనక్కి తిప్పి, సాదా వైపు నిన్ను పెట్టా. నడిచావు. వినాయకుడి బొమ్మ కింద, నువ్వు పైన. నలభై నిమిషాల్లో రిటర్న్ వేసేశా.

మీ వంశంలో ఒకడు అంతటి బొజ్జ గణపయ్యను వీపు మీద మోసుకుని లోకమంతా తిరిగాడు. నువ్వేమో అరచేతి పొడవు కూడా లేవు, నీ కోసం నేను హబ్ మోస్తున్నా, వైరు మోస్తున్నా, రెండు సెల్లులు అదనంగా మోస్తున్నా, ఎవరిదో తెలియని పెళ్ళి శుభలేఖ మోస్తున్నా. ఆ పెళ్ళి అయిపోయి కూడా చాలా కాలమైంది, మూలలు మెత్తబడ్డాయి, కొత్తది ఎవరైనా పంచితే బాగుండు.

రేపు పొద్దున ఆరింటికి రాజంపేట బస్సు. స్విచ్ ఆపేశాను, పడుకో.

ఇట్లు,
నీ వాహనం