అది గ్యాప్ కాదండీ

ఇవాళ పొద్దున సంబంధాలు చూసే ఆంటీ ఫోన్ చేసింది. అబ్బాయి వాళ్ళకు ఫోటో నచ్చిందట, చదువూ నచ్చిందట. "కానీ అమ్మా, బయోడేటాలో ఆ ఏడాదిన్నర గ్యాప్ ఉంది కదా, అది తీసేసి ఏదో కంప్యూటర్ కోర్సు చేసినట్టు రాద్దాం" అంది. ఫోన్ పెట్టేసినా కోపం తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

గ్యాప్ ఏంటండీ? ఆ ఏడాదిన్నర నేను ఫిలిప్పీన్స్‌లో మిషన్ సేవ చేశాను, అంటే ఇంటింటికీ వెళ్ళి దేవుని మాట చెప్పే పని. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అంటే ఇక్కడ చాలామందికి తెలియదు, మోర్మన్లు అంటే కొందరు గుర్తుపడతారు. మా సంఘంలో అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు 18 నెలలు సేవకు వెళ్తారు. ఎక్కడికి వెళ్ళాలో మనం ఎంచుకోం. సాల్ట్ లేక్ సిటీ నుంచి పిలుపు వస్తుంది, ఎక్కడికంటే అక్కడికి వెళ్తాం. జీతం ఉండదు. ఖర్చు కూడా ఇంటివాళ్ళే పెట్టుకోవాలి, చాలకపోతే సంఘం సాయం చేస్తుంది. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. నా సేవ కోసమని పక్కన పెట్టిన డబ్బును ఇంటికి సున్నం వేయించడానికి కూడా ముట్టుకోలేదు ఆయన. అలాంటి డబ్బుతో వెళ్ళి చేసిన పనిని ఇప్పుడు దాచిపెట్టాలా? దాని మీద అబద్ధపు కోర్సు ఒకటి అతికించాలా?

అక్కడ ఏం చేశావని ఒక్కరు అడగరు. ఎంతిచ్చారని అందరూ అడుగుతారు.

ఏం చేశానో చెప్తాను. మనీలాలో ట్రైనింగ్ అయ్యాక బికోల్ ప్రాంతానికి పంపారు. పసిఫిక్‌లో పుట్టిన తుఫాన్లు ఏటా వచ్చి తగిలే చోటు. పొద్దున ఆరున్నరకు లేవడం, లేఖనాలు చదువుకోవడం, భాష నేర్చుకోవడం, తర్వాత రోజంతా నడక. సేవలో జంటగా ఉండే తోటి అమ్మాయిని కంపానియన్ అంటాం, ఆమెను వదిలి ఒక్కదాన్నే గేటు దాటకూడదు. నా కంపానియన్ సెబూ అమ్మాయి, మొదట్లో ఆమె టగలోగ్ నాకు అర్థం కాదు, నా ఇంగ్లీషు ఆమెకు అర్థం కాదు. ఇళ్ళ ముందు నిలబడి "తావ్ పో" అని పిలుస్తాం, మన "ఇంట్లో ఎవరండీ" లాంటి పిలుపు. కొందరు లోపలికి రమ్మంటారు, చాలామంది కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. వారానికి ఒక రోజు పి-డే, అంటే సొంత పనులు చూసుకునే రోజు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి వీడియో కాల్ చేయడం, అన్నీ ఆ రోజే. 2019కి ముందు వెళ్ళినవాళ్ళకు ఆ కాల్ కూడా లేదు, ఏడాదికి రెండుసార్లే ఇంటివాళ్ళ గొంతు వినేవారు.

ఒక తుఫానుకు కరెంటు పోయింది. రోజులు గడిచినా రాలేదు. వంట గ్యాస్ అయిపోయింది. మా వీధి చివర ఒక లోలా ఉండేది, లోలా అంటే అమ్మమ్మ. ఎన్నిసార్లు పిలిచినా ఆ ఇంటి గేటు తెరుచుకోలేదు. ఆ సాయంత్రం ఆవిడే నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి పెసల పులుసు గిన్నె చేతిలో పెట్టింది, అందులో మునగాకు వేసింది. మా అమ్మ చేతి వంట గుర్తొచ్చి తినలేకపోయాను, ఏడుపొచ్చింది. ఆవిడ మా సంఘంలో చేరలేదు, చివరి వరకూ చేరలేదు. అయినా అది దేవుడు పంపిన అన్నమనే నేను నమ్ముతాను.

నాన్నకు గుండెలో స్టెంట్ వేయాలన్నారని ఒక పి-డే కాల్‌లో అమ్మ చెప్పింది. రిపోర్టు ఫోటో పంపింది, నాకేమీ అర్థం కాలేదు. నాకు చెప్పకుండా కంపానియన్ ఉపవాసం ఉంది. మర్నాడు కలుస్తామన్నవాళ్ళు ఇంట్లో లేకపోతే పక్క సందులో ఒక తలుపు తట్టాం. ఆ ఇంటావిడ సౌదీలో గుండె వార్డులో పనిచేసి వచ్చిన నర్సు. రిపోర్టు అంతా చదివి, ఏం చేస్తారో, ఎన్ని రోజుల్లో లేచి తిరుగుతాడో కూర్చోబెట్టి చెప్పింది. ఆ సందులో ఆ తలుపే ఎందుకు తట్టాం? యాదృచ్ఛికం అనేవాళ్ళు అనుకోండి. నాకు మాత్రం అది అద్భుతమే.

ఇది గ్యాపా?

టీ సంగతి కూడా ఎత్తింది ఆంటీ. "పిల్ల టీ తాగదట, పెళ్ళిచూపుల్లో వాళ్ళు ఏమనుకుంటారో" అని. టీ, కాఫీ తాగకూడదన్నది మా సంఘంలో 1833 నుంచి ఉన్న బోధ. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళను, కార్తీకమాసంలో ఉల్లి ముట్టనివాళ్ళను ఎవరూ నిలదీయరు, నిలదీయకూడదు కూడా. మరి నా గ్లాసు మీదే ఎందుకు కన్ను?

ఇది గుంటూరు కాబట్టి ఇంకా బాధ. 1842లో హయ్యర్ గారనే అమెరికా లూథరన్ మిషనరీ సముద్రాలు దాటి ఈ ఊరికి వచ్చారు. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, ఇక్కడ ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి కట్టించింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. మా నానమ్మ పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. నేను ఆవిడంత పని చేశాననడం లేదు. కానీ ఆ అమ్మ ఇల్లు వదిలి మన ఊరికి వస్తే త్యాగం, మన ఊరి పిల్ల ఇల్లు వదిలి వేరే ఊరికి వెళ్తే గ్యాప్. ఈ లెక్క ఎవరు నేర్పారు మనకు?

అసలు ఆంటీని అని ఏం లాభం, ఆవిడ బయటి మనిషి. మా సొంత పిన్ని ఏం చేసిందో చెప్పాలి. పిన్నివాళ్ళది వేరే సంఘం, పెద్దది. మేము ఆదివారం బస్సెక్కి విజయవాడ వెళ్ళి ప్రార్థన చేసుకుని వస్తే, "వాళ్ళు అసలు క్రైస్తవులే కాదు" అని చుట్టాలందరి ముందూ అంది. యేసు పేరు మా సంఘం పేరులోనే ఉంది కదా పిన్నీ! పిన్ని కొడుకు, మా తమ్ముడు, లోన్ తీసుకుని డల్లాస్‌లో ఎమ్మెస్‌కు వెళ్ళినప్పుడు మూడు కార్లలో శంషాబాద్ వెళ్ళాం. దండలు వేశాం, ప్రార్థన చేశాం. అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా అమ్మే. వాడు బాగుండాలి, వాడి మీద నాకేమీ లేదు. నేను వెళ్ళిన రోజు మాత్రం అమ్మ, నాన్న, నేను ముగ్గురమే. పిన్ని ఫోన్ కూడా ఎత్తలేదు. నాన్నకు స్టెంట్ వేసిన రోజు వచ్చి, "కూతుర్ని పంపారు, చూడండి ఏమైందో" అని ఆపరేషన్ థియేటర్ బయటే అమ్మతో అంది. ఆ మాట అమ్మ నాకు తిరిగొచ్చాకే చెప్పింది.

వచ్చే ఆదివారం పిన్ని కూతురి నిశ్చితార్థం. చీర కూడా తీసిపెట్టి రమ్మంటోంది అమ్మ. పిన్ని మా అమ్మకు క్షమాపణ చెప్పేదాకా నేను ఆ గడప తొక్కను. ఈ పోస్ట్ చూసి ఆవిడకు ఎవరైనా చూపించాలనుకుంటే చూపించండి.