గ్రీన్‌స్టెడ్ దుంగలు, మన ఊరి గుళ్లు

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, ఆంగర్ పక్కన, పొలాల మధ్య గ్రీన్‌స్టెడ్ అనే చిన్న ఊరుంది. అక్కడి సెయింట్ ఆండ్రూస్ చర్చిని ప్రపంచంలోనే అతి పాత చెక్క చర్చిగా చెబుతారు. లండన్‌లో ఈస్ట్‌హామ్, ఇల్‌ఫర్డ్‌లలోని మన తెలుగువాళ్లకు ఇంత దగ్గరైనా చూసినవాళ్లు తక్కువే. సొంతూళ్లో గుడి పనులకు చందాలు పంపేవాళ్లయితే తప్పకుండా చూడాలి.

జనం కూర్చునే భాగానికి గోడలన్నీ ఓక్ దుంగలే. నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికి, చదును వైపు లోపలికి ఉండేలా పక్కపక్కన నిలబెట్టారు. ఒకప్పుడు వీటిని 845 నాటివనుకునేవారు. 1995లో చెక్కలో ఏటా పడే వలయాలు పరీక్షించాక 1060 తర్వాత నరికిన చెట్లని తేలింది.

నన్ను కదిలించింది మాత్రం ఆ గోడల అడుగుభాగం. వందల ఏళ్ల తేమకు దుంగల మొదళ్లు కుళ్లిపోయాయి. 19వ శతాబ్దం మధ్యలో బాగుచేసినవాళ్లు కుళ్లినంత మేర కోసేసి, కింద ఇటుకలు పేర్చి, మిగతా దుంగల్ని మళ్లీ నిలబెట్టారు. కొత్త గోడ కట్టడం వాళ్లకు సులువే, అయినా కట్టలేదు. అక్కడ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. కూలీల సంఘం పెట్టుకున్నందుకు ఆస్ట్రేలియాకు శిక్షగా పంపిన టోల్‌పడిల్ అనే ఊరి రైతుకూలీల్లో ఒకరైన జేమ్స్ బ్రైన్, క్షమాభిక్ష పొంది తిరిగొచ్చాక 1839లో పెళ్లి చేసుకున్నది ఇక్కడే. ఆ పెళ్లి చూసిన దుంగలు ఇంకా ఉన్నాయి.

మన ఊళ్లలో ఏం జరుగుతోంది? జీర్ణోద్ధరణ పేరుతో రాతి మండపం పడగొట్టి స్లాబ్ వేస్తున్నారు. చెక్కిన స్తంభాలకు ఆయిల్ పెయింట్ పూస్తున్నారు, శాసనాల మీద టైల్స్ అతికిస్తున్నారు. ఆ డబ్బులో మన పౌండ్లూ డాలర్లూ ఉన్నాయి. గుడి కురవకూడదు, శుభ్రంగా ఉండాలి అని ఊరివాళ్లు కోరుకోవడం న్యాయమే. దానికి పాత రాయిని పగలగొట్టక్కర్లేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చెందిన ఇలాంటి చర్చిల్లో చెప్పుకోదగ్గ మార్పు ఏది చేయాలన్నా ముందు డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పాలన విభాగం) అనుమతి తీసుకోవాలి. మన చాలా ఊళ్లలో కమిటీ అనుకుంటే చాలు, మర్నాడే పని మొదలు.

అందుకే మన తెలుగు సంఘానికి ఒక ప్రతిపాదన. ఏ గుడికైనా చందా పంపే ముందు కమిటీని మూడు విషయాలు అడుగుదాం: ఇప్పుడున్న కట్టడం ఫొటోలు, ఏది తీసేస్తారో ఏది ఉంచుతారో రాసిన కాగితం, పాత రాతి పని తెలిసిన స్థపతి సలహా. అవి వచ్చాకే డబ్బు పంపుదాం.