మణికట్టుదే తప్పు

మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఉద్యోగుల మణికట్లు ఈ మధ్య క్రమశిక్షణ తప్పుతున్నాయని యాజమాన్యాలు ఆవేదన చెందుతున్నాయి. పని ఇచ్చింది మనిషికి, నొప్పి పుట్టింది చేతికి కనుక, దోషి ఎవరో తేల్చడానికి విచారణ సంఘం కూడా అక్కర్లేదు.

బెర్నార్దినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు 1700లోనే వృత్తి రోగాల మీద పుస్తకం అచ్చువేసి, 1713 నాటి రెండో కూర్పులో గుమాస్తాల బాధలకు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎడతెరిపి లేకుండా ఒకే తీరున ఆడటం, లెక్క తప్పుతుందేమోనన్న మనోవ్యధ. మూడు శతాబ్దాలు గడిచినా ఈ మూడింటిలో ఒక్కదాన్నీ చేజారనివ్వకుండా కాపాడుకొస్తున్న మన ఆఫీసులను వారసత్వ కట్టడాల జాబితాలో ఎందుకు చేర్చరో అర్థం కాదు.

నివారణ విషయంలోనూ ఎవరూ తక్కువ తినలేదు. మోచెయ్యి దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉండాలనీ, తెర పైఅంచు కంటి ఎత్తుకు రావాలనీ, మణికట్టు వంగకూడదనీ, మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వాలనీ బోధించే ఆన్‌లైన్ పాఠాన్ని ప్రతి ఉద్యోగీ పూర్తి చేసి తీరాలి; పేజీ పేజీకీ మౌస్ నొక్కాలి, విశ్రాంతి కోసం లేచి వెళ్తే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. ల్యాప్‌టాప్‌కు తెరా కీబోర్డూ అతుక్కునే ఉంటాయి కదా, తెర ఎత్తితే భుజాలు లేస్తాయి, దించితే మెడ వంగుతుంది, మరి విడి కీబోర్డు ఇప్పిస్తారా అని ఒక కుర్రాడు అడిగాడట. ఆ సందేహాన్ని ఫిర్యాదు టికెట్‌గా నమోదు చేసి, ‘పరిష్కరించబడినది’ అని మూసేశారు.

లాడ్ బజార్‌లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, వేడి లక్క గాజుల మీద తళుకు రాళ్లు ఒక్కొక్కటిగా అద్దేవారికి ఈ భాగ్యం కూడా లేదు. వారికి లాగిన్ ఐడీ లేదు మరి.

ఇక సెలవుల సంగతి. మణికట్టులోని ఇరుకు సొరంగం గుండా వెళ్లే మీడియన్ నరం నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రిళ్లు ఆ బాధ మరీ ఎక్కువ. అది ఆఫీసు వేళ కాదు కనుక ప్రస్తుతానికి వదిలేద్దాం. చిటికెనవేలి స్పర్శకు మాత్రం ఆ నరంతో సంబంధం లేదు. వైద్యశాస్త్రమే ఇంత స్పష్టంగా సెలవిచ్చాక, తక్కిన వేళ్లను చూపించి మెడికల్ లీవు అడగడం ఏం న్యాయం? ఎంటర్ మీట ఉన్నది సరిగ్గా కుడి చిటికెనవేలి పక్కనే.