ఫిజిక్స్ ల్యాబ్ బీరువా తాళం గారికి

మహారాజశ్రీ తాళం గారికి నమస్కారాలు.

విజయవాడలోని ఒక జూనియర్ కళాశాలలో, మూడో అంతస్తు చివరి గదిలో, అద్దాల బీరువాకు వేలాడుతూ మీరు చేస్తున్న సేవకు తగిన గుర్తింపు రాలేదు. భౌతికశాస్త్రం మీద పిల్లల నీడైనా పడకుండా ఇన్నేళ్లు కాపాడుకొచ్చారు. ఆ గదిలో రోజూ ఎవరో ఒకరు ముట్టుకునే పరికరం కూడా మీరొక్కరే. సాయంత్రం వెళ్తూ అటెండరు మిమ్మల్ని ఒకసారి లాగి చూస్తాడు కదా!

పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు అద్దంలోంచి తొంగి చూశాను. రాగి గొట్టం, అయస్కాంతం బిళ్ల ఒకే అరలో, మాటలు మానేసిన అన్నదమ్ముల్లా చెరో మూలా ఉన్నాయి. వాటిని కలవనివ్వకపోవడం మీ ముందుచూపే. మీటరు పొడవు గొట్టాన్ని నిలువుగా పట్టుకుని గోళీ వదిలితే అర సెకను తిరక్కుండా కింద పడుతుంది. బలమైన నియోడిమియం అయస్కాంతం బిళ్ల వదిలితే మాత్రం తాపీగా దిగుతుంది. రాగికి అయస్కాంతం అంటుకోదు, అయినా గబుక్కున దిగదు. కింద చెయ్యి పట్టినవాడు ఇరుక్కుపోయిందేమోనని గొట్టాన్ని తట్టి చూస్తాడు. బిళ్ల కదలడం వల్లనే గొట్టంలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, ఆ కదలికకే అడ్డం పడతాయి. 1834లో లెంజ్ చెప్పిన నియమం ఇదే. దాని మీద వచ్చే బిట్లన్నీ మా అమ్మాయికి కంఠస్థం. ఎప్పుడైనా చూశావా అని అడిగితే, "లెంజ్ నియమం సిలబస్‌లో ఉంది నాన్నా, చూడటం లేదు" అంది. ఇది పూర్తిగా మీ పెంపకం.

పై అరలో తలకిందులయ్యే బొంగరం కూడా కనిపించింది. గట్టిగా తిప్పితే తనంతట తానే బోర్లాపడి, కాడ మీద నిలబడి తిరుగుతుంది. బరువైన భాగం పైకి లేస్తుంది. స్వీడన్‌లోని లుండ్‌లో నీల్స్ బోర్, వోల్ఫ్‌గాంగ్ పౌలీ నేల మీద తిరుగుతున్న అలాంటి బొంగరాన్ని నడుం వంచి చూస్తున్న ఫొటో ఒకటి ఉంది. ఇద్దరూ నోబెల్ బహుమతి పొందినవారే, వాళ్లకు వేరే పనే లేదా? మీరక్కడ ఉంటే ఈ అల్లరి జరిగేదే కాదు.

మీ ఏలుబడి చెల్లని చోటు మన ఊళ్లోనే ఉందని చెప్పడానికి బాధగా ఉంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లారీ వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేచి ఉన్నాయి. ఇంజను ఆపి, గేరులో ఉంచారు. అక్కడి మెకానిక్ కుర్రవాడు ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పాడు. కుడి చక్రం వెనక్కి తిరిగింది! నేను నోరు తెరిచాను. అతడు నవ్వి, ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ ఒకటి పక్కన విప్పి పెట్టి ఉంటే, దాని దగ్గరికి తీసుకెళ్లి, నూనె కారుతున్న పళ్లచక్రాలను వేలితో తిప్పి చూపించాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి రెండింటికీ వేర్వేరు వేగాలతో తిరిగే వెసులుబాటు ఉండాలట. పుస్తకం లేదు, ఫీజు లేదు. ఇలాంటివాటిని చూస్తూ ఊరుకుంటారా మీరు?

మరో ప్రమాదం గురించీ హెచ్చరించాలి. థియో జాన్సెన్ అనే డచ్ కళాకారుడు 1990 నుంచి, కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ గొట్టాలతో, గాలి తగిలితే కాళ్లు కదుపుతూ ఇసుకలో నడిచే జంతువులను తయారు చేస్తున్నాడు. ఆ గొట్టాలు మన హార్డ్‌వేర్ కొట్లలోనూ దొరుకుతాయి. సూర్యలంకలో గాలికీ ఇసుకకూ కొదవ లేదు. అంత జంతువు బీరువాలో పట్టదు, మీ ఉద్యోగానికే ఎసరు.

చివరగా ఒక విన్నపం. మీ ఒంటి మీద '7 లివర్లు' అని చెక్కి ఉంది. 1778లో రాబర్ట్ బారన్ పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఆధారంగా పుట్టిన వంశం మీది. లోపలి ప్రతి పలకా తనకు నిర్ణయించిన ఎత్తుకే లేవాలి. ఏ ఒక్కటి తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు. ఇంత చక్కటి యంత్రం బీరువా బయటే ఉంది గనుక, ఒక పూట మిమ్మల్నే విప్పి పిల్లల ముందు బల్ల మీద పరిచేందుకు అనుమతించండి. రివెట్లు ఉన్నాయని వంక పెట్టకండి. ఆటోనగర్ కుర్రవాడితో మాట్లాడాను, ఆదివారం ఖాళీయేనట.

ఇట్లు,
ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని తండ్రి,
పటమట.